అడగని నొప్పి, రాయని నొప్పి
ఎముకల, నరాల జబ్బుల్లో నర్సింగ్ - స్త్రీల హక్కులు

(నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు, స్త్రీల సంఘాల ప్రతినిధులు పాల్గొన్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎముకలు, కండరాలు, నరాల జబ్బుల్లో నర్సింగ్ గురించి మాట్లాడమని ఒక సమాజశాస్త్ర పరిశోధకురాలిని పిలవడమేమిటని మీలో కొందరికి అనిపించి ఉండొచ్చు. నేను నర్సును కాను, డాక్టరును కాను. అయితే కొన్నేళ్ళుగా ఆసుపత్రి వార్డుల్లోనూ, మంచాన పడ్డ మనుషులున్న ఇళ్ళలోనూ తిరుగుతూ, సేవ ఎవరు చేస్తున్నారు, అది ఎవరికి అందుతోంది అనే విషయం మీద పనిచేస్తున్నాను. వైద్యం గురించి నేను చెప్పబోయేవి ఇక్కడున్న నర్సులకు తెలిసిన విషయాలే. వాటిని మన హక్కుల చర్చలోకి తీసుకురావాలన్నదే నా ప్రయత్నం.

నర్సింగ్‌లో మొదటి మెట్టు పరిశీలన. అంటే రోగిని అడగడం, చూడడం, తాకి చూడడం, తెలుసుకున్నది రాయడం. మందులివ్వడం, కట్లు కట్టడం అన్నీ దాని తర్వాతే. ఎముకల, నరాల జబ్బుల్లో దీని అవసరం మరీ ఎక్కువ. జ్వరాన్ని థర్మామీటరు చెబుతుంది. తిమ్మిరి ఎక్కడుందో, కాలు ఎంత బలహీనపడిందో, నొప్పి ఎలా పాకుతోందో మనిషి చెప్పాలి, మరో మనిషి ఓపిగ్గా వినాలి. అడగనిది కేస్‌షీటులోకి ఎక్కదు. కేస్‌షీటులోకి ఎక్కనిదానికి చికిత్స ఉండదు, సర్టిఫికెట్ ఉండదు, పెన్షనూ ఉండదు. ఎవరిని ఏమి అడుగుతాం, ఎవరిని అసలు అడగం అన్నది అందుకే రాజకీయ ప్రశ్న.

"నడుము నొయ్యని ఆడిది ఉంటదా?"

నల్లగొండ జిల్లాలో నాట్లు వేసే ఒకామెను నడుం నొప్పి గురించి అడిగితే, "నడుము నొయ్యని ఆడిది ఉంటదా అక్కా?" అని నవ్వింది. ఆమె నవ్వినట్టే ఆసుపత్రి కూడా నవ్వి ఊరుకుంటుంది. నాలుగు నొప్పి మాత్రలు చేతిలో పెట్టి పంపేస్తుంది. ఆడవాళ్ళకు నడుం నొప్పి మామూలే అన్న మాట డాక్టరు నోటా వస్తుంది, అత్తగారి నోటా వస్తుంది, చివరికి ఆమె నోటా వస్తుంది.

నర్సింగ్ పాఠ్యపుస్తకం మాత్రం అలా వదిలేయమనదు. నొప్పి ఎప్పటినుంచి, ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతోంది, పడుకుంటే తగ్గుతుందా, రాత్రిళ్ళు నిద్ర లేపుతుందా, కాళ్ళలో తిమ్మిరి ఉందా అని అడగమంటుంది. సాయంత్రం పూట జ్వరం వస్తూ, మనిషి చిక్కిపోతూ, వెన్నులో ఒకేచోట నొప్పి ఉంటే అది వెన్నెముకకు పట్టిన క్షయ కావచ్చు. సకాలంలో కనిపెడితే మందులతో నయమవుతుంది. ఆలస్యమైతే వెన్నుపాము నలిగి కాళ్ళు పడిపోతాయి.

ఇంకొక ప్రశ్న ఉంది. మూత్రం సరిగ్గా వస్తోందా? మలమూత్రాలు తెలియకుండా పోతున్నాయా? తొడల మధ్య, కూర్చునేచోట స్పర్శ తగ్గిందా? నడుం నొప్పితో పాటు ఇవి కొత్తగా కనిపిస్తే వెన్నెముక అడుగుభాగంలోని నరాల కట్ట నొక్కుకుపోతోందని అనుమానించాలి. వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి, ఆపరేషన్ ఆలస్యమయ్యేకొద్దీ పోయిన పట్టు తిరిగిరాదు. కానీ ఈ సంగతులు మన స్త్రీలు మగడాక్టరు ముందు, మొగుడి ముందు, పదిమంది నిలబడ్డ ఓపీలో చెబుతారా? ప్రసవాల తర్వాత మూత్రం పట్టు తప్పడం మామూలే అని వాళ్ళే అనుకుంటారు. సిగ్గుపడమని చిన్నప్పటినుంచీ నేర్పిన చోటే అతి ముఖ్యమైన లక్షణం దాగి ఉంది. తెర చాటున నిలబడి, గొంతు తగ్గించి, ఈ ప్రశ్న అడగగలిగిన నర్సు ఒక మనిషి కాళ్ళను కాపాడగలదు.

పని గురించి కూడా అడగాలి. కేస్‌షీటులో వృత్తి అన్నచోట "గృహిణి" అని రాసేస్తారు. నిజామాబాదులో రోజంతా మెడ వంచి బీడీలు చుట్టే స్త్రీ, గంటల తరబడి నడుం వంచి నాటేసే స్త్రీ, ఇటుక బట్టీలో బరువులు మోసే స్త్రీ అందరూ ఆ ఒక్క మాటలో మాయమైపోతారు. చేసే పని తెలియకుండా మెడనొప్పికి, నడుంనొప్పికి కారణం ఎలా తెలుస్తుంది?

గర్భసంచి గురించి తప్పక అడగాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫయ్యో ఏటో నలభయ్యో ఏటో ముట్లుడిగిన స్థితి వచ్చిపడుతుంది. ఈస్ట్రోజన్ తగ్గగానే ఎముకలు వేగంగా గుల్లబారతాయి. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లు ముందుగానే ఉడుగుతాయి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె గుమ్మం దగ్గర తూలిపడి తుంటి విరిగితే "వయసు" అని రాస్తారు. ఆ ఆపరేషన్ సంగతి ఎవరూ రాయరు.

ఎలా విరిగింది అన్న ప్రశ్నను ఒంటరిగా అడగాలి. నెత్తిమీదికి వచ్చిన దెబ్బను ఆపడానికి చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ముంజేతి ఎముక విరుగుతుంది. పక్కన భర్త నిలబడి ఉంటే ఆమె "బాత్రూంలో జారిపడ్డాను" అనే చెబుతుంది. ఎక్స్‌రేకు తీసుకెళ్ళే నెపంతోనైనా ఆమెను విడిగా కలుసుకోవాలి. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయాలి, రేపు కోర్టులో అదే సాక్ష్యం. 2005 గృహహింస చట్టం కింద, సహాయం కోరి వచ్చిన బాధితురాలికి వైద్యం అందించడం ఆసుపత్రి బాధ్యత.

కట్టు కింద ఏం జరుగుతోంది?

ఎముక విరిగిన చేతికో కాలికో కట్టు కట్టాక నర్సు చూడాల్సినవి ఐదు: నొప్పి, రంగు పాలిపోవడం, నాడి, తిమ్మిరి, కదలిక. వేళ్ళు వెచ్చగా ఉన్నాయా, గోరు నొక్కి వదిలితే ఎర్రదనం తిరిగివస్తోందా అని మళ్ళీ మళ్ళీ చూస్తుండాలి. పిండికట్టు అయినా, నాటువైద్యుడి వెదురుబద్దల కట్టు అయినా, బిగుతైతే లోపల వాపు పెరిగి రక్తప్రసారం ఆగిపోతుంది. కొద్ది గంటల్లోనే కండరాలు చచ్చిపోతాయి. ఆ ప్రమాదానికి అన్నిటికన్నా ముందు కనిపించే గుర్తు నొప్పి. మందిచ్చినా తగ్గని నొప్పి, వేళ్ళను మెల్లగా చాపితే భరించలేనంతగా పెరిగే నొప్పి. నాడి అందకపోవడం చివర్లో జరుగుతుంది. నాడి ఆడుతోంది కదా అని ఊరుకుంటే చెయ్యి దక్కదు.

ఆ నొప్పిని నమ్మడం దగ్గరే మన సమస్య. వార్డుల్లో "ఊరికే అరుస్తోంది, బొత్తిగా ఓర్పు లేదు" అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. అరిస్తే ఓర్పు లేనిది అంటారు, అరవకపోతే నొప్పి లేదంటారు. అందుకే నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో చెప్పమని అడిగి, ఆ అంకెను టైముతో సహా రాయడం అలవాటు కావాలి. మూడు గంటలకు నాలుగున్న నొప్పి ఐదు గంటలకు తొమ్మిదైందని కాగితం మీద ఉంటే రాత్రి డ్యూటీ డాక్టరు దాన్ని తోసిపుచ్చలేడు.

చిన్న విషయమొకటి. చెయ్యి విరిగిన వెంటనే గాజులు, ఉంగరాలు తీసేయాలి. కాలు విరిగితే మెట్టెలు తీసేయాలి. వాపు పెరిగాక అవే రక్తాన్ని ఆపే కట్లవుతాయి. కానీ భర్త బతికుండగా గాజులు, మెట్టెలు తీయకూడదన్న భయం ఎంత బలమైనదో మీకు తెలుసు. కత్తెర పట్టుకుని హడావుడిగా కోసేస్తే ఆమె ఏడుస్తుంది, ఇంటివాళ్ళు గొడవపడతారు. ఎందుకు తీస్తున్నామో ముందుగా చెప్పి, తీసినవి ఆమె చేతికే ఇచ్చి, కావాలంటే రెండో చేతికి వేసుకోమంటే చాలామంది ఒప్పుకుంటారు. ఆమె భయాన్ని మూఢనమ్మకమని వెక్కిరించకుండా, ఆమె చేతినీ కాపాడిన నర్సులను నేను చూశాను.

నీళ్ళు మోసినవాళ్ళ వెన్నెముక

ఎముకల జబ్బు నరాల జబ్బుగా ఎలా మారుతుందో తెలుసుకోవడానికి మన నేలమీదే ఉదాహరణ ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యపత్రికలో 1937లో వచ్చిన తొలి వివరమైన నివేదిక ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాకు సంబంధించినదే. తర్వాత నల్లగొండ పేరు ఈ జబ్బుకు మారుపేరైంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకనప్పుడు ఒకటిన్నర దాటకూడదని భారత ప్రమాణం చెబుతుంది. ఏళ్ళ తరబడి అంతకు మించి తాగితే పళ్ళు గారపడతాయి, కీళ్ళు బిగుస్తాయి, కాళ్ళు వంకరపోతాయి. వెన్నెముకలో ఎముక, దాని కండరబంధాలు గట్టిపడి పెరిగి, లోపలున్న వెన్నుపామును నొక్కుతాయి. అప్పుడు తిమ్మిర్లు, బిగుసుకుపోయిన నడక, చివరికి మంచం.

దీన్ని తొలిదశలో పట్టుకోవడానికి యంత్రాలక్కర్లేదు. మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు ముట్టుకోమనాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనాలి. చేతులు పక్కలకు చాపి, మోచేతులు మడిచి తల వెనుక భాగాన్ని తాకమనాలి. ఈ మూడూ చేయలేకపోతే అనుమానించి పరీక్షకు పంపాలి. ఏ ఆశా కార్యకర్త అయినా ఇంటి అరుగు మీద చేయించగలిగిన పరీక్ష ఇది. అయితే తల వెనక్కి చెయ్యి పోని స్త్రీకి రోజూ ఎదురయ్యే కష్టమేమిటో కూడా అడగాలి. ఆమె జడ వేసుకోలేదు, రవిక తొడుక్కోలేదు, దొడ్డికి కూర్చుని లేవలేదు. ఇవేవీ ఎక్స్‌రేలో కనబడవు. బోరునీళ్ళు బిందెలతో మోసి ఇంటిల్లిపాదికీ పోసింది ఆమే, మంచాన పడ్డ మామకు సేవ చేసిందీ ఆమే. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీరు కొత్త తరాన్ని కాపాడవచ్చు గానీ, ఇప్పటికే బిగుసుకుపోయిన వెన్నెముకలను అది సరిచేయలేదు. వాళ్ళకు కావలసింది నర్సింగ్ సేవ.

మాట పడిపోయినప్పుడు, మూర్ఛ వచ్చినప్పుడు

పక్షవాతం గుర్తులు ప్రతి స్త్రీల సంఘానికీ నోటికి రావాలి. నవ్వమంటే మూతి ఒకపక్కకు పోతోందా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతోందా, మాట ముద్దగా వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టైము చూసుకుని వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి, అదీ స్కానింగ్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేలాకే. పసరు, నాటుమందు అంటూ తిరిగితే ఆ గంటలు పోతాయి. మగవాళ్ళు పొలం నుంచి వచ్చాక నిర్ణయిద్దాం అని ఆగినా పోతాయి. ఒక స్త్రీ ప్రాణానికి ఆటో మాట్లాడే అధికారం ఆ ఇంట్లో ఎవరి చేతిలో ఉంది? 108కి ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని మనం ఊరూరా చెప్పాలి.

స్పృహ తగ్గినవారికి మంచినీళ్ళో కాఫీయో పోయడం మనకు అలవాటు. గొంతు కండరాలు పనిచేయనప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మింగగలరో లేదో పరీక్షించేదాకా నోటికి ఏమీ ఇవ్వకూడదు. వార్డులో స్పృహను కొలవడానికి 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ తయారుచేసిన కొలమానం వాడతారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. ఒక్కసారి వేసిన మార్కు కన్నా అది ఎటు పోతోందన్నది ముఖ్యం. 14 నుంచి 12కు దిగిందని పట్టుకునేది మంచం పక్కనున్న నర్సే.

మూర్ఛ సంగతి వేరు. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. పళ్ళ మధ్య చెంచా పెడితే అపాయం. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకు దెబ్బ తగలకుండా చూసి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆడపిల్లకు మూర్ఛ ఉందంటే పెళ్ళి కాదని తల్లిదండ్రులు దాస్తారు. పెళ్ళయ్యాక బయటపడుతుందని ఆమె మాత్రలు మానేస్తుంది. 1955 హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అనర్హతల జాబితాలో మూర్ఛ కూడా ఉండేది. 1999 సవరణతో ఆ మాటను తీసేశారు. పాతికేళ్ళు దాటినా ఈ సంగతి మన పల్లెలకు చేరలేదు. నర్సు చెప్పాల్సిన సమాచారంలో ఇది కూడా భాగం కావాలి. అలాగే వాల్‌ప్రోయేట్ వాడుతున్న యువతికి, గర్భంలో అది బిడ్డకు హాని చేయవచ్చని, అయినా తనంతట తానుగా మానేయకుండా ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలని చెప్పాలి.

మంచం చుట్టూ ఎవరున్నారు?

మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సింగ్‌లో నేర్పుతారు. పిరుదులు, మడమలు, తుంటి, భుజాలు రోజూ చూడాలి. నొక్కినా పోని ఎర్రమచ్చ పుండుకు మొదటి మెట్టు. ఎవరికి పుండు పడే ప్రమాదముందో అంచనా వేయడానికి డోరీన్ నార్టన్ అనే ఇంగ్లండు నర్సు, ఆమె సహచరులు 1962లో ఒక కొలమానం ఇచ్చారు. శరీరస్థితి, మానసికస్థితి, నడక, కదలిక, మలమూత్రాల పట్టు అనే ఐదు అంశాలు, మొత్తం 20 మార్కులు. 14, అంతకు తక్కువైతే ప్రమాదం. ఒక నర్సు మంచం పక్కన చూసినదాన్ని శాస్త్రంగా మలచిందని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

అయితే రెండు గంటలకోసారి తిప్పేదెవరు? నేను తిరిగిన ఇళ్ళలో భర్త పడిపోతే భార్య తిప్పుతోంది, అత్త పడిపోతే కోడలు తిప్పుతోంది. భార్య పడిపోతే ఆమెను పుట్టింటికి చేర్చిన ఇళ్ళు చూశాను. ముసలి తల్లి, లేదా బడి మానేసిన కూతురు ఆ పని చేస్తోంది. వీళ్ళెవరికీ ఆసుపత్రిలో పక్కకు తిప్పడమెలాగో, మంచం మీంచి కుర్చీలోకి మార్చడమెలాగో, పైపును శుభ్రంగా ఉంచడమెలాగో నేర్పలేదు. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లున్నాయి, సేవ గురించి ఒక్క వాక్యం లేదు. ఆడదానికి సేవ పుట్టుకతోనే వస్తుందని అందరూ నమ్ముతారు కదా! పక్షవాతం వచ్చిన భుజాన్ని పట్టి లాగితే కీలు జారుతుందని పుట్టుకతో ఎవరికి తెలుస్తుంది?

నర్సు నడుం సంగతి

రోగి నడుం గురించి రాసే నర్సు నడుం గురించి ఎవరూ రాయరు. ఎనభై కిలోల మనిషిని ఒక్కతే ఎత్తి తిప్పడం ఆమె రోజువారీ పని. దుప్పటి కింద జారుడు షీటు వేసి ఇద్దరు కలిసి తిప్పాలని పుస్తకం చెబుతుంది. ఇద్దరేరీ? బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం పెట్టింది. మీ వార్డుల్లో లెక్కపెట్టి చూడండి. ఆ తేడాను కాంట్రాక్టు మీద పనిచేసే ఆయాలు, రోగుల వెంట వచ్చిన ఆడవాళ్ళు తమ వెన్నెముకలతో పూడుస్తున్నారు. "రోగుల్ని సరిగ్గా చూడడం లేదు" అని మనం నర్సు మీద ఫిర్యాదు చేసే ముందు ఆ రాత్రి ఆమె చేతికింద ఎంతమంది ఉన్నారో అడగాలి. రోగి హక్కు, నర్సు హక్కు ఒకదానికొకటి ఎదురు నిలబడేవి కావు.

మనం ఏం అడగాలి?

మొదటిది, నడుం నొప్పితో, విరిగిన ఎముకతో వచ్చిన ప్రతి స్త్రీనీ చాటుగా, ఒంటరిగా అడిగి రాయాలి. ఆమె చేసే పని, గర్భసంచి ఆపరేషన్, మూత్రం సంగతి, దెబ్బల సంగతి అన్నీ అందులో ఉండాలి.

రెండోది, మంచాన పడ్డ రోగిని ఇంటికి పంపే ముందు, సేవ చేయబోయేవారికి నేర్పి, వాళ్ళచేత ఒకసారి చేయించి చూశాకే డిశ్చార్జి చేయాలి. అది ఒక్క స్త్రీకే కాకుండా, ఇంట్లోని మగవాళ్ళకు కూడా నేర్పాలి.

మూడోది, సేవకు విలువ కట్టాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కండరాల క్షీణత వంటివాటిని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి 24వ సెక్షన్‌లో చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పెన్షన్ ఇస్తున్నారు. మంచిదే. కానీ ఆ మంచం పక్కన కూలి మానుకుని కూర్చున్న మనిషికంటూ విడిగా ఏమిస్తున్నారు? సర్టిఫికెట్ శిబిరానికి ఆమెను మోసుకువెళ్ళేదెవరు?

నాలుగోది, నర్సుల ఖాళీలు నింపాలన్న పోరాటంలో స్త్రీల సంఘాలు నర్సుల పక్కన నిలబడాలి.

నొప్పిని ఓర్చుకోవడం స్త్రీ గుణమని మనకు నేర్పారు. ఆ ఓర్పు వల్ల ఎన్ని వెన్నెముకలు వంగిపోయాయో, ఎన్ని కాళ్ళు పడిపోయాయో మనం చూస్తున్నాం. మీరు మీ ఊళ్ళకు వెళ్ళాక ఒక పని చేయండి. మీ సంఘంలో ప్రతి సభ్యురాలినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏ పని చేయలేకపోతున్నావు అని అడిగి రాసుకోండి. ఆ పుస్తకం పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అందరూ కలిసి వెళ్ళండి. ఒక్కరు చెబితే "మామూలే" అనేవాళ్ళు, నలభైమంది రాసి తెస్తే ఆ మాట అనడానికి ఆలోచిస్తారు.

ఇక చర్చలో మీ అనుభవాలు వినాలని ఉంది. ముఖ్యంగా ఇక్కడున్న నర్సులు ముందుగా మాట్లాడాలని కోరుకుంటున్నాను.